సముద్రతీర పల్లెలో పర్యావరణహిత అతిథిగృహం: నీరు, మురుగు, వేడినీళ్ల ఏర్పాట్లలో ఏది ఎవరికి నప్పుతుంది?

తీరానికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న పల్లెలో, మూడు నాలుగు గదులతో, పడకా పొద్దుటి ఫలహారమూ ఇచ్చే చిన్న అతిథిగృహం నడపాలనుకునేవారు పర్యావరణం మాట రాగానే ముందుగా ఆలోచించేది ఇంటికప్పు మీద సౌర ఫలకాల గురించి. ఆ ఆలోచనలో తప్పు లేదు గాని, అది మొదట రావలసినది కాదు. ఫలకాలు నప్పకపోతే విప్పి మార్చుకోవచ్చు. ఉప్పెక్కిన బావి మళ్లీ మంచినీళ్ల బావి కావడానికి మాత్రం ఏళ్లు పట్టవచ్చు. ఇసుక నేలలోకి దిగిన మురుగు పొరుగువారి బావికి చేరిన తరువాత చేయగలిగింది చాలా తక్కువ. అందువల్ల ఇక్కడ నీటిని, మురుగును ముందు పెట్టి వివరంగా పోల్చి, వేడినీళ్ల సంగతి తరువాత చూసి, విద్యుత్తునూ పర్యావరణహితమని ఇచ్చే గుర్తింపు పత్రాలనూ చివర క్లుప్తంగా ప్రస్తావిస్తున్నాను.

## ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

మొదటిది నేలనీటి మట్టం. ఎండల్లో కొలిచిన లోతు ఎందుకూ పనికిరాదు. బాగా వానలు పడే నెలలో, అందులోనూ పున్నమి, అమావాస్యల పోటు రోజుల్లో, నీరు ఎంత పైకి వస్తుందన్నదే లెక్క. అప్పటిదాకా ఆగే వీలు లేకపోతే రెండు మీటర్ల లోతున ఒక గొయ్యి తవ్వి దాని గోడను శుభ్రంగా చెక్కి చూడండి. ఒకే రంగులో ఉన్న మట్టి మధ్య ఒకచోటి నుంచి తుప్పు రంగు మచ్చలు, బూడిద రంగు పట్టీలు మొదలైతే, ఏటా కొంతకాలం నీరు అంత ఎత్తుకు వచ్చి నిలుస్తుందని అర్థం. గోతి అడుగు పొడిగా ఉన్నా సరే, ఆ మచ్చలు మొదలైన చోటునే నేలనీటి మట్టంగా తీసుకోవడం క్షేమం.

రెండవది అతిథుల రాకలోని ఎగుడుదిగుడు. తీరప్రాంతపు ఇళ్లు సెలవుల్లో కిటకిటలాడి, గాలివానల నెలల్లో ఖాళీగా ఉంటాయి. ఏ యంత్రమైనా, ఏ శుద్ధి పద్ధతైనా సగటు వాడకానికి కాక ఈ రెండు చివరలకూ తట్టుకోవాలి. మూడవది ఉప్పుగాలి, గేటు కీలు ఏడాదిలో ఎంత తుప్పు పట్టిందో చూస్తే మీ స్థలంలో దాని తీవ్రత తెలిసిపోతుంది. నాలుగవది, రోజూ చూసుకునే మనిషి ఎవరన్నది. ఐదవది చాలామంది మరిచిపోయేది: అతిథి రెండు రాత్రులు ఉండి వెళ్లిపోతాడు, మీ ఇంటి పద్ధతులు నేర్చుకునే తీరిక అతనికి ఉండదు. గోడ మీద పది సూచనలు అంటిస్తే తప్ప పనిచేయని ఏర్పాటు అతిథిగృహంలో నిలవదు.

## నీరు: బావి, వాన, ఆర్‌ఓ

తీరంలో మంచినీరు భూమిలో ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రపు నీరు మంచినీటికంటే సుమారు 2.5 శాతం బరువైనది కావడం వల్ల, బావిలోని నీటి మట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన ఉంటే దాని అడుగున ఇంచుమించు 40 మీటర్ల మందాన మంచినీరు ఉంటుంది. ఘైబెన్–హెర్జ్‌బెర్గ్ సూత్రం చెప్పేది ఇదే. ఈ లెక్కను తిరగేస్తేనే అసలు ప్రమాదం కనిపిస్తుంది: తోడకం వల్ల మట్టం పాతిక సెంటీమీటర్లు తగ్గి అలాగే నిలిచిపోతే, అడుగున ఉప్పునీరు కాలక్రమేణా 10 మీటర్లు పైకి ఎగబాకుతుంది. నీళ్లు చాలడం లేదని బోరును ఇంకా లోతుకు దించేవారు నిజానికి ఉప్పునీటికి ఎదురు వెళ్తున్నారు. తీరంలో లోతు తక్కువ బావే మంచి బావి. పెద్ద మోటారుతో గంటలో తొట్టె నింపడం కంటే చిన్న మోటారుతో రోజంతా మెల్లగా తోడడం మేలు, వీలైతే ఒక బావికి బదులు దూరంగా ఉన్న రెండింటి నుంచి తోడడం ఇంకా మేలు.

బావిని నమ్ముకోదలచినవారు అతిథులు నిండుగా ఉన్న సెలవుల చివరి రోజున నీటిని పరీక్షించాలి, ఖాళీ రోజుల్లో కాదు. కరిగిన లవణాలు లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపు ఉంటే తాగడానికి రుచిగా ఉంటుందనీ, 1000 దాటితే రుచి బాగా చెడుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చేతిలో ఇమిడే టీడీఎస్ మీటరు దీనికి సరిపోతుంది. అయితే అది సూక్ష్మక్రిముల సంగతి చెప్పదు, దానికి ప్రయోగశాల పరీక్షే గతి. ప్రతి నెలా ఒకే రోజున, మోటారు ఆపే ముందు చూసిన అంకెను ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే, నాలుక పసిగట్టకముందే ఉప్పు రాకను ఆ పుస్తకం పట్టిస్తుంది.

వాననీటి లెక్క తేలిక. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన, అందులో 80 శాతం చేతికి దక్కుతుందనుకుంటే 80,000 లీటర్లు. ఎనిమిది మంది అతిథులకు తలకు 120 లీటర్ల చొప్పున రోజుకు 960 లీటర్లు కావాలనుకుంటే ఆ నీరు 83 రోజులకు సరిపోతుంది. ఇది చూసి వాననీటిని కొట్టిపారేయనవసరం లేదు. తాగడానికి, వంటకు, ముఖం కడుక్కోవడానికి మాత్రమే వాడితే తలకు 20 లీటర్లు చాలు; అప్పుడు 120 రోజుల వాన లేని కాలానికి 19,200 లీటర్ల తొట్టె సరిపోతుంది. ఇక్కడ గమనించవలసింది, తొట్టె పరిమాణాన్ని నిర్ణయించేది ఏడాది మొత్తం వాన కాదు, రెండు వానల మధ్య అతి పొడవైన ఎడం. తీరంలో కప్పు మీద ఉప్పు పొర పేరుకుంటుంది కాబట్టి తొలి వాననీటిని పక్కకు వదిలేసే గొట్టం తప్పనిసరి. మిగతా ప్రాంతాల వారు వదిలే దానికంటే కాస్త ఎక్కువే వదలాలి.

ఇక సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసే ఆర్‌ఓ యంత్రం. భారీ కర్మాగారాల్లో కూడా వెయ్యి లీటర్లకు 3 నుంచి 4 యూనిట్ల విద్యుత్తు పడుతుంది, ఒత్తిడిని తిరిగి రాబట్టే ఏర్పాటు లేని చిన్న యంత్రాలకు అంతకు మించి. పైగా లోపలికి తీసుకున్న నీటిలో సాధారణంగా సగమో అంతకు మించో గాఢమైన ఉప్పునీరుగా బయటికి వస్తుంది. దానిని ఎక్కడికి పంపాలో తెలియకుండా యంత్రం కొనడం పర్యావరణం పేరుతో చేసే పనుల్లో అన్నిటికంటే వింతైనది. పెరట్లో వదిలితే అది మీ బావికే చేరుతుంది. కొద్దిగా ఉప్పగా ఉన్న బావినీటిని తాగేందుకు మాత్రం శుద్ధి చేసుకునే చిన్న ఆర్‌ఓ వేరు సంగతి. అది వాడే విద్యుత్తు తక్కువ, వదిలే నీటిలోని ఉప్పు తక్కువ.

నా మొగ్గు రెండు గొట్టాల పద్ధతి వైపు: వాననీరు వంటగదికి, వాష్ బేసిన్లకు, బావినీరు స్నానానికి, మరుగుదొడ్డికి. పాత ఇంట్లో గోడలు పగలగొట్టకుండా ఇది కుదరదు కాబట్టి, కొత్తగా కట్టేవారికే ఈ సలహా పూర్తిగా వర్తిస్తుంది. బావినీరు మరీ ఉప్పగా ఉంటే ఆ ఉప్పంతా మురుగులోకి పోతుందనీ, ఆ నీటిని తరువాత మొక్కలకు పెట్టలేరనీ కూడా గుర్తుంచుకోవాలి. నీటి నిర్ణయమూ మురుగు నిర్ణయమూ విడివిడిగా తీసుకోకూడదనడానికి ఇది ఒక్కటి చాలు.

## మురుగు: అసలైన ఎంపిక ఇక్కడే

| పద్ధతి | నేలనీరు పైపైనే ఉంటే | ఖాళీ నెలల్లో | కావలసిన స్థలం | చూసుకునే పని |
|---|---|---|---|---|
| సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత | పనికిరాదు | ఇబ్బంది లేదు | తక్కువ | కొన్నేళ్లకొకసారి మడ్డి తీయించడం |
| సెప్టిక్ ట్యాంకు, గడ్డి పెంచిన కంకర మడి | అడుగున నీరు దిగని పొర వేస్తే సరే | తడి ఆరిపోకుండా చూడాలి | ఎక్కువ | గడ్డి కోత, గొట్టాల తనిఖీ |
| గాలి ఊదే శుద్ధి యంత్రం | సరే | సూక్ష్మజీవులకు మేత కరవు | చాలా తక్కువ | నిత్యం విద్యుత్తు, ఏటా మెకానిక్కు |
| ఎరువు మరుగుదొడ్డి | మలం నిలవుండే గది నేలపైనే ఉంటే సరే | ఇబ్బంది లేదు | తక్కువ | రోజూ మనిషి చూడాలి |

సెప్టిక్ ట్యాంకు ఒక్కటే శుద్ధి చేసేస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. బాగా కట్టిన ట్యాంకు కూడా ఘన పదార్థంలో దాదాపు సగాన్ని, సేంద్రియ మాలిన్యంలో 30 నుంచి 40 శాతాన్ని మాత్రమే ఆపుతుంది. మిగిలిన పని ఇంకుడు గుంత చుట్టూ ఉన్న పొడి మట్టి చేయాలి. అందుకే గుంత అడుగుకూ నేలనీటికీ మధ్య కనీసం రెండు మీటర్ల పొడి నేల, తాగునీటి బావికి కనీసం 30 మీటర్ల దూరం ఉండాలంటారు. తీరపు ఇసుకలో ఈ రెండూ ఒకేసారి దొరకడం అరుదు. ఇసుకలో నీరు వేగంగా ఇంకిపోవడం చూసి గుంత బాగా పనిచేస్తోందని సంతోషించేవారుంటారు. నిజానికి అంత వేగంగా దిగిన నీరు శుద్ధి కాకుండానే కిందికి చేరుతున్నట్టు.

కంకర మడి అంటే, నీరు దిగని పొర పరిచిన గోతిలో కంకర నింపి, కిక్కిస వంటి నీటి గడ్డిని నాటి, సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటిని కంకర లోపలి నుంచే అడ్డంగా పారించడం. నీరు పైకి కనిపించదు కాబట్టి దోమలకు తావుండదు, వాసనా ఉండదు. అడ్డంగా పారే మడికి తలకు సుమారు 5 చదరపు మీటర్లు కావాలి. ఎనిమిది మంది అతిథులకు, ఇంట్లో ఇద్దరికి కలిపి 50 చదరపు మీటర్లు. చలి ప్రదేశాల్లో అంతకంటే ఎక్కువే పడుతుంది. నీటిని పై నుంచి విడతలవారీగా జల్లే మడికి తలకు 1 నుంచి 3 చదరపు మీటర్లు చాలు గాని, దానికి మోటారో వాలో కావాలి, ఎప్పుడెప్పుడు జల్లాలో కనిపెట్టి ఉండాలి. కిక్కిస కొంత ఉప్పును ఓర్చుకుంటుంది, ఇది తీరవాసులకు కలిసివచ్చే సంగతి. ఖాళీ నెలల్లో మడి పూర్తిగా ఎండిపోకుండా వాననీరో బావినీరో కాస్త అందించాలి.

ఈ మడిని పాడుచేసేవి రెండు: వంటగది జిడ్డు, ఒకేసారి వచ్చిపడే నీటి ఉరవడి. మొదటిదానికి వంటగది గొట్టం మీద జిడ్డును పట్టే చిన్న తొట్టి పెట్టి వారానికొకసారి పైతెట్టు తీసేయాలి. నెలకొకసారి చాలనుకుంటే ఆ జిడ్డు చివరికి కంకర సందుల్లో తేలుతుంది. రెండవది అతిథిగృహాలకే ప్రత్యేకమైనది. అందరూ ఒకే రోజు ఖాళీ చేసి వెళ్లాక నాలుగు గదుల దుప్పట్లు, తువ్వాళ్లు ఆ సాయంత్రమే ఉతికేస్తే, ట్యాంకులో అడుక్కి చేరిన మడ్డి కదిలి నీటితో పాటు మడిలోకి పోతుంది. అదనంగా ఒక జత దుప్పట్లు ఉంచుకుని ఉతుకుడును మూడు రోజులకు పరిస్తే ఏ యంత్రమూ అక్కరలేకుండా ఈ సమస్య తీరిపోతుంది. మరుగుదొడ్లు కడగడానికి బ్లీచింగ్ వాడకాన్ని తగ్గించడం కూడా ట్యాంకులోని సూక్ష్మజీవుల ప్రాణాలు నిలిపే పనే.

మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి అందించే, గాలి ఊదే శుద్ధి యంత్రాలు అమ్మేవారు చూపించే నీటి నమూనా నిజంగానే స్వచ్ఛంగా ఉంటుంది. అయితే అది రోజూ నిలకడగా మురుగు అందే ఇంటిది. రెండు నెలలు ఖాళీగా ఉన్న ఇంట్లో మేత లేక సూక్ష్మజీవులు చాలావరకు చచ్చిపోతాయి. సెలవుల మొదటి వారంలో ఇల్లు ఒక్కసారిగా నిండినప్పుడు యంత్రం కోలుకునేలోపు శుద్ధి కాని నీరే బయటికి వస్తుంది. గాలి ఊదే మోటారును ఉప్పుగాలి ఎలాగూ తింటుంది. ఏడాది పొడవునా అతిథులుండే, స్థలం బొత్తిగా లేని ఇంటికి తప్ప దీన్ని నేను సూచించను.

మలాన్ని నీటితో కడిగేయకుండా ఎరువుగా మార్చే ఎరువు మరుగుదొడ్డి సిద్ధాంతపరంగా అన్నిటికంటే మంచిది: నీరు ఖర్చు కాదు, నేలలోకి ఏదీ దిగదు. మలాన్ని పోగు చేసి వదిలేసే పద్ధతిలో, 20 నుంచి 35 డిగ్రీల వేడి ఉండే చోట్ల ఏడాదికి పైగా, అంతకంటే చల్లని చోట్ల ఏడాదిన్నర నుంచి రెండేళ్లు నిలవ ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందువల్ల ఒకటి నిండాక మరొకటి వాడుకునేలా మలం నిలవ చేసే గదులు రెండు ఉండి తీరాలి. చిక్కంతా అతిథితోనే. ప్రతిసారీ పొట్టు చల్లడం, మూత వేయడం మరిచే అతిథి ఒక్కడు చాలు, మిగతా వారి బస చెడడానికి. నాలుగు గదులకూ ఇదే పెట్టడం సాహసం. తోట చివర విడిగా ఉన్న ఒక్క కుటీరానికి, తెలిసి కోరుకున్న అతిథులకు ఇవ్వడం తెలివైన పని. స్నానపు నీటికి, వంటగది నీటికి వేరే దారి ఎలాగూ చూసుకోవలసిందే.

## వేడినీళ్లు

యాభై లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 1.75 యూనిట్లు పడుతుంది, ఎనిమిది మందికి 14 యూనిట్లు. మామూలు విద్యుత్ హీటరు ఆ మొత్తాన్నీ మింగుతుంది. గాలిలోని వేడిని లాగే హీట్ పంపు అందులో మూడో వంతుతో సరిపెడుతుంది. కప్పు మీది సోలార్ హీటరు ఎండ ఉన్నన్నాళ్లూ దాదాపు ఏమీ అడగదు.

అతిథులు ఎండకాలపు సెలవుల్లోనే వచ్చే ఇంటికి సోలార్ హీటరు సరిగ్గా అతుకుతుంది. కానీ ఎండ బాగా ఉండి ఇల్లు ఖాళీగా ఉన్న వారాల్లో నీరు వాడేవారు లేక గొట్టాలు విపరీతంగా వేడెక్కుతాయి. అలాంటప్పుడు ఫలకాల మీద కప్పడానికి గుడ్డ సిద్ధంగా ఉంచుకోవడమో, నీరు తనంతట తాను కిందికి దిగిపోయే రకం తీసుకోవడమో చేయాలి. చలికాలంలో కూడా అతిథులుండే ఇంటికి హీట్ పంపు మేలు. దాని బయటి భాగంలోని పలచని రేకులు ఉప్పుగాలికి త్వరగా పొడిపొడిగా రాలిపోతాయి కనుక, పూత వేసిన రేకులున్న రకాన్ని ఎంచుకుని, సముద్రానికి ఎదురుగా కాక ఇంటి చాటున బిగించి, అప్పుడప్పుడు మంచినీటితో కడగాలి.

ఏది ఎంచుకున్నా ఒక జాగ్రత్త మారదు. గోరువెచ్చగా నిలిచిపోయిన నీటిలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగి, స్నానపు తుంపరల ద్వారా ఊపిరితిత్తులకు చేరగలదు. పొదుపు పేరుతో తొట్టెను 45 డిగ్రీల దగ్గర ఉంచడం ఇందుకే మంచిది కాదు. నిలవ 60 డిగ్రీల్లో ఉంచి, కుళాయి దగ్గర చన్నీళ్లు కలిపే కవాటం పెట్టుకోవాలి. చాలా రోజులుగా ఖాళీగా ఉన్న గదిని అతిథికి ఇచ్చే ముందు, కిటికీ తెరిచి, షవరును బకెట్లోకి దించి తుంపరలు లేవకుండా కొన్ని నిమిషాలు వేడినీళ్లు వదలడం గది ఊడ్చినంత మామూలు పని కావాలి.

## మిగిలినవి, క్లుప్తంగా

విద్యుత్తు విషయంలో తీరవాసులు అడగవలసిన అదనపు ప్రశ్న ఒక్కటే: ఫలకాలు ఐఈసీ 61701 అనే అంతర్జాతీయ ఉప్పు పొగమంచు పరీక్షకు నిలిచాయా లేదా. బోల్టులు, కీళ్లకు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తీరంలో మరకలు పడుతుంది. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉన్న 316 రకం చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే, పిల్లలు సముద్రం వైపు కాక దీపాల వైపు నడిచి చచ్చిపోతాయి కాబట్టి, బయటి దీపాలు కిందికి మాత్రమే వెలుగు పడేలా, తేనె రంగులో, తక్కువ ఎత్తులో ఉండాలి.

గుర్తింపు పత్రాల్లో 1994లో డెన్మార్క్‌లో మొదలైన గ్రీన్ కీ పేరు పొందినది. గ్లోబల్ సస్టెయినబుల్ టూరిజం కౌన్సిల్ ప్రమాణాలు రూపొందిస్తుందే తప్ప నేరుగా అతిథిగృహాలకు పత్రాలు ఇవ్వదు. ఆ కౌన్సిలే నేరుగా ఇచ్చిందంటూ ఎవరైనా పత్రం అమ్మజూపితే అనుమానించండి. మూడు గదుల ఇంటికి మొదటి రెండేళ్లు ఏ పత్రమూ అవసరం లేదని నా అభిప్రాయం. ఆ డబ్బుతో బావి గొట్టానికి, వేడినీటి గొట్టానికి మీటర్లు పెట్టించుకుంటే, తరువాత పత్రానికి దరఖాస్తు చేసినప్పుడు చూపించడానికి నిజమైన లెక్కలుంటాయి.

## ఎవరికి ఏది

పాత ఇంటిని బాగుచేసి నడపాలనుకునేవారు గొట్టాలను ముట్టుకోకుండా చేయగలిగిన వాటితో మొదలుపెట్టాలి: తక్కువ నీటితో కడిగే ఫ్లష్‌లు, జిడ్డు తొట్టి, తాగునీటికి మాత్రం వాననీటి తొట్టె. ఉన్న ఇంకుడు గుంత నేలనీటికి దగ్గరగా ఉందని తేలితే మాత్రం గదుల రంగులు, పరుపులు అన్నీ ఆపి ఆ డబ్బును కంకర మడికి మళ్లించాలి.

ఖాళీ స్థలంలో కొత్తగా కట్టేవారికి రెండు గొట్టాలు, కంకర మడి, సోలార్ హీటరు కలిసిన ఏర్పాటు చాలా చోట్ల నప్పుతుంది. ఏడాది పొడవునా నడిపి, పనివారిని పెట్టుకోగలిగినవారు సోలార్ హీటరుకు బదులు హీట్ పంపు, అడ్డపు మడికి బదులు పై నుంచి జల్లే చిన్న మడి ఆలోచించవచ్చు. ఏడాదిలో కొన్ని నెలలే అక్కడ ఉండి, మిగతా కాలం ఇంటిని తాళం వేసి వెళ్లేవారు మోటారు తిరుగుతూ ఉంటేనే బతికే ఏ పద్ధతినీ దగ్గరికి రానీయకూడదు.

స్థలం చిన్నది, నేలనీరు మీటరు లోతులోనే ఉంది అనేవారి పరిస్థితి కష్టమైనది. అలాంటిచోట ఎన్ని గదులు కట్టగలమన్నది కాక, ఎంతమంది మురుగును ఈ నేల మోయగలదన్నది ముందు లెక్క వేసి గదుల సంఖ్యను దానికి కుదించాలి. 25 చదరపు మీటర్ల మడికి చోటుంటే, ఇంటివారితో కలిపి ఐదుగురికే లెక్క. ఆ మాత్రం చోటు కూడా లేకపోతే, బయటికి దారి లేని మూసిన ట్యాంకులో మురుగును నిలవ చేసి లారీతో తోడించడం ఒక్కటే మిగులుతుంది. దానికి ఒప్పుకునే ముందు, తోడిన మురుగును ఆ లారీ ఏ శుద్ధి కేంద్రానికి తీసుకువెళ్తుందో, వానలు దంచికొట్టే నెలలో కూడా గొట్టం అందేంత దగ్గరికి మీ బాట మీద అది రాగలదో లేదో తేల్చుకోండి.